పిన్ని చదివిన చిన్నక్షరాలు

మా పిన్నికి పుస్తకాలంటే ప్రాణమని చుట్టాలందరూ అనుకుంటారు. ఆ మాట ఆమె ఎదుట అన్నారంటే మాత్రం అయిపోయారన్నమాటే. "మిఠాయి కొట్టువాడికి తీపంటే ప్రాణమా? నాదీ అంతే. పొద్దస్తమానం ఆ వాసనే పీల్చి పీల్చి కడుపు నిండిపోయింది" అంటుంది.

పిన్ని ఉద్యోగం పుస్తకాలను కుదించడం. జీవితంలో ఎలా గెలవాలి, అలవాట్లు ఎలా మార్చుకోవాలి, నలుగురితో ఎలా మెలగాలి అని చెప్పే పుస్తకాలు ఉంటాయి కదా, రైల్వే స్టేషన్లలో గుట్టలుగా పోసి అమ్మేవి. వాటిలో ఒక్కోదాన్నీ పావుగంటలో వినగలిగేలా ఆమె రాసివ్వాలి. రాసినదాన్ని ఒకమ్మాయి చక్కని గొంతుతో చదువుతుంది. కంపెనీవాళ్ళు దాన్ని తమ యాప్‌లో పెడతారు. నడకకు వెళ్ళేవాళ్ళు, కారు నడిపేవాళ్ళు, కూరలు తరిగేవాళ్ళు చెవుల్లో పెట్టుకుని వింటారు. కూర తరగడం అయ్యేసరికి లావుపాటి పుస్తకం ఒకటి చదివేసినట్టే.

అంతకుముందు పిన్ని ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. ఒక్క అక్షరం కూడా వదలకుండా చూసే అలవాటు అక్కడ అబ్బింది. ప్రెస్సు మూతపడ్డాక ఇక్కడ చేరింది. ఆఫీసులో మిగతావాళ్ళంతా ఆమెలో సగం వయసు పిల్లలు. వాళ్ళు మొదటి అధ్యాయం, ఆఖరి అధ్యాయం, అట్ట వెనక పొగడ్తలు చదివి, రచయిత ప్రసంగం ఒకటి విని, మధ్యాహ్నానికల్లా సారాంశం రాసి పడేస్తారు. పిన్ని అసలు పుస్తకాన్ని వెనకనుంచి మొదలుపెడుతుంది. చివరి పేజీల్లో చిన్నక్షరాలతో వివరణలుంటాయి. ఏ మాట ఎక్కడినుంచి తెచ్చారో, ఏ పరిశోధన ఎవరిమీద చేశారో చెప్పేవి అవే. ముందు వాటి సంగతి చూశాకే మొదటి పేజీ తెరుస్తుంది. ఈ చాదస్తం చూసి ఆఫీసులో ఆమెకు "భూతద్దం" అని పేరు పెట్టారు. బాబాయికి కళ్ళజోళ్ళ షాపు ఉండటంతో ఆ పేరు మరీ అతికినట్టు సరిపోయింది.

మా ఇల్లు వాళ్ళింటికి రెండు వీధుల అవతల. ఆఫీసు నుంచి వెళ్తూ మా ఇంట్లో ఆగి, టీ తాగి, ఆ రోజు కోపమంతా నా ముందు దించుకుని పోవడం ఆమెకు అలవాటు.

"ఒక్క మాట ఉంటుందే. మంచి మాటే ఉంటుంది, కాదనను. దానికి నీళ్ళు పోసీ పోసీ పుస్తకమంత చేస్తారు. ఒక వడ్రంగి కథ, ఒక విమానం నడిపేవాడి కథ, కాలేజీ పిల్లల్ని గదిలో కూర్చోబెట్టి చేసిన పరిశోధన ఒకటి. అయిపోయింది పుస్తకం. ఇవాళ్టిది చూడు, పొద్దున్నే లేస్తే గొప్పవాళ్ళవుతారట. ఎవరు చెప్పారయ్యా అని చూస్తే, గొప్పవాళ్ళైనవాళ్ళని అడిగి రాశాడు. చీకటితో లేచి పాలప్యాకెట్లు వేసేవాళ్ళు, రోడ్లు ఊడ్చేవాళ్ళు ఇంతమంది ఉన్నారే, వాళ్ళల్లో ఒక్కర్ని అడిగాడా? అడిగితే పుస్తకం ఉండదుగా!"

ఇంకోసారి, బల్లమీద వస్తువులన్నీ తీసేస్తే బుర్ర చురుగ్గా పనిచేస్తుందని చెప్పే పుస్తకం వచ్చింది. పిన్ని వెనక పేజీలు చూసింది. ఖాళీ బల్లల ముందు కూర్చోబెట్టినవాళ్ళ దగ్గర ఫోన్లు కూడా తీసేసుకున్నారట. "మరి బుర్ర చురుకెక్కింది బల్ల వల్లా, ఫోను లేకపోవడం వల్లా? అది చెప్పడు మహానుభావుడు" అని టీకప్పు మీద చెంచాతో టకటకా కొట్టింది.

ఇలాంటివన్నీ ఆమె కడుపులో పెట్టుకునే రకం కాదు. ప్రతి సారాంశం చివరా ఒక పేరా రాసేది. పుస్తకంలో నిలబడే మాట ఏది, నిలబడనిది ఏది, ఎవరిని అడిగి రాశారు, ఎవరిని అడగలేదు అని నాలుగు వాక్యాలు. అది రాయకపోతే చేతికి పని చేసినట్టుండేది కాదు. మేనేజరు ఆ పేరాను ప్రతిసారీ కోసేసేవాడు. చెడ్డవాడేం కాదు. నవ్వుతూ కోసేవాడు.

"మేడమ్, మనది విని హుషారుగా లేవాలి జనం. చివర్లో మీరు ఆ హుషారు మీద నీళ్ళు చల్లుతున్నారు."

"నీళ్ళు కాదు బాబూ. నిజం."

"నిజం వద్దని నేననను. కానీ ఆఖరి నిమిషంలో వద్దు."

"మొదటి నిమిషంలో పెట్టనా అయితే?"

మేనేజరు నవ్వి ఇంకో పుస్తకం ఆమె బల్లమీద పెట్టేవాడు.

ఆఫీసు ఒక ఎత్తయితే ఇల్లు ఒక ఎత్తు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. పిన్ని ఓడిపోయింది ఇంట్లోనే. ఆమె సారాంశాలను ఒక్కటి కూడా వదలకుండా, శ్రద్ధగా వినే మనిషి మా బాబాయి. షాపులో మధ్యాహ్నాలు బేరాలుండవు. అద్దాలు తుడుచుకుంటూ వింటాడు, సాయంత్రం నడకలో మళ్ళీ వింటాడు. విని ఊరుకుంటే బాగుండేది. ఆచరిస్తాడు.

బల్ల పుస్తకం విన్న మర్నాడే షాపులో బల్లమీద ఉన్న కళ్ళజోళ్ళన్నీ ఒకే సొరుగులోకి తోసేశాడు. ఒక రిటైర్డ్ మాస్టారు ఎవరిదో కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళి, అయిదు నిమిషాల్లో గోడ పట్టుకుంటూ తిరిగొచ్చి, "ఏమయ్యా, రోడ్డు ఎత్తు పెంచారా?" అని అడిగాడు. పొద్దున్నే లేవమన్న పుస్తకం విన్న వారం తనొక్కడే లేవలేదు, ఇల్లంతా లేపాడు. పిన్ని తల పట్టుకుంది.

"ఆ పుస్తకంలో పస లేదని నీకు ముందే చెప్పానా లేదా?"

"నీకు ప్రతిదాంట్లోనూ వంకలే. అంత పెద్దమనిషి ఊరికే రాస్తాడా?"

"నువ్వు విన్నది నేను రాసిందయ్యా బాబూ!"

"రాసింది నువ్వే కావచ్చు. చెప్పింది ఆయన" అనేవాడు బాబాయి, ఎంతో న్యాయంగా.

ఇక్కడిదాకా నవ్వుకునే సంగతులే. తర్వాతిది బామ్మగారితో వచ్చింది. బామ్మగారంటే బాబాయి వాళ్ళమ్మ, పిన్నికి అత్తగారు. మాట కటువు, మనసు మెత్తన. బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక, నాలుగు కాళ్ళ వాకర్ పట్టుకుని నడవాలని, పక్కన ఒక మనిషి చెయ్యి ఆసరాగా ఉండాలని, తొందరపడొద్దని ఫిజియోథెరపిస్టు చెప్పి వెళ్ళింది. బామ్మగారు మొండిమనిషి. మంచం నుంచి తలుపుదాకా, తలుపు నుంచి హాల్లోకి, రోజుకింత చొప్పున దూరం పెంచుకుంటూ పోయింది. పిన్ని ఆఫీసుకు వెళ్ళేముందు, వచ్చాక చెయ్యందించేది. మధ్యాహ్నం బాబాయి షాపుకు తాళం వేసి వచ్చి చూసుకునేవాడు. ఒకరోజు బాల్కనీ దాకా నడిచి, ఎదురింటి మేడమీద ఆరేసిన దుప్పట్లు చూసి, "ఇంకా అవే దుప్పట్లా వీళ్ళకి?" అంది బామ్మగారు. ఇక ఫర్వాలేదని అందరం అనుకున్నాం.

సరిగ్గా అప్పుడే "చెయ్యి వదులు" అనే పుస్తకం పిన్ని బల్లమీదికి వచ్చింది.

సాయం చేసే కొద్దీ మనుషులు బలహీనపడతారన్నది ఆ పుస్తకం సారం. పిల్లల్ని, ఉద్యోగుల్ని, రోగుల్ని, ఎవరినైనా సరే ప్రేమిస్తే చెయ్యి వదలమంటాడు రచయిత. ఇందులోనూ మంచి మాట లేకపోలేదు. ఈత నేర్పే ఒకాయన గురించిన అధ్యాయం పిన్నికి కూడా నచ్చింది. అయిదో అధ్యాయం దగ్గర ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. ఎముకలు విరిగి ఆపరేషన్ అయినవాళ్ళను రెండు జట్లుగా చేశారట. ఒక జట్టుకు నర్సులు చెయ్యందించారు, రెండో జట్టుకు అందించలేదు. అందించనివాళ్ళే ముందు నడిచారట. పిన్ని వెనక పేజీలు తిరగేసింది. అక్కడ చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది అసలు కథ. ఆ రోగులంతా పోటీల్లో పరుగెత్తే కుర్రవాళ్ళు. చెయ్యి అందించకపోయినా, పట్టుకోవడానికి ఒక మనిషి పక్కనే సిద్ధంగా నిలబడి ఉన్నాడు. మధ్యలో పడిపోయినవాళ్ళనూ, వల్లకాదని మానేసినవాళ్ళనూ లెక్కలోంచి తీసేశారు.

"పడ్డవాళ్ళని తీసేస్తే మిగిలేది నడిచినవాళ్ళేగా! ఇదో గొప్పా?" అని ఆ సాయంత్రం మా ఇంట్లో పుస్తకం సోఫామీదికి విసిరింది. ఈసారి నాలుగు వాక్యాలు కాదు, ఎనిమిది రాసింది. వయసు మళ్ళినవాళ్ళ విషయంలో ఇది అస్సలు పనికిరాదని స్పష్టంగా రాసింది. మేనేజరు ఎనిమిదీ కోసేశాడు.

ఇంట్లో కూడా చెప్పింది, భోజనాల దగ్గర. బాబాయి ఊ కొట్టాడు. ఊ కొట్టడం వేరు, వినడం వేరు. అది పిన్నికి పెళ్ళైన ఏడాదే తెలిసినా, ఆ రోజెందుకో మరిచిపోయింది.

ఆ పుస్తకం యాప్‌లోకి వచ్చింది. ఆ చక్కని గొంతున్న అమ్మాయి తేనె కారుతున్నట్టు చదివింది. "మీరు ప్రేమించేవారి చెయ్యి వదలండి. వాళ్ళు నడుస్తారు" అన్నది ఆఖరి వాక్యం. బాబాయి నడకలో విన్నాడు. ఆయనకు కళ్ళు చెమర్చాయట, తర్వాత తనే చెప్పాడు. మర్నాడు మధ్యాహ్నం ఇంటికి వచ్చి, వాకర్ తీసి అటకమీద పెట్టేశాడు.

ఆ సాయంత్రం పిన్నితోపాటు నేనూ వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసేసరికి హాల్లో బామ్మగారు ఫ్రిజ్‌ను రెండు చేతులా కౌగిలించుకుని నిలబడి ఉంది. ముందుకు రాలేదు, వెనక్కి పోలేదు. హాలు అటు చివర బాబాయి చేతులు చాపుకుని నిలబడ్డాడు.

"రా అమ్మా, వచ్చెయ్. నువ్వు రాగలవు. నమ్మకం పెట్టుకో."

"నమ్మకం కాదురా, కాలు కావాలి" అంది బామ్మగారు.

పిన్ని చేతిసంచి అక్కడే వదిలేసి పరిగెత్తింది. ఈలోగానే బామ్మగారి చేతులు పట్టు తప్పాయి. ఫ్రిజ్ వెంబడి మెల్లగా జారి కింద కూలబడింది. పిన్ని వెళ్ళి తలకింద చెయ్యి పెట్టబట్టి తల తగల్లేదు. ముగ్గురం కలిసి మంచం మీదికి చేర్చాం. డాక్టరు వచ్చి చూసి ఎముక చెదరలేదన్నాడు. అయితే అంతసేపు ఒంటరిగా నిలబడిన ఆ భయం మాత్రం బామ్మగారి ఒంట్లో ఉండిపోయింది. మర్నాడు పిన్ని చెయ్యందిస్తే చూసి, మొహం గోడవైపు తిప్పుకుంది. బాల్కనీ దాకా నడిచిన మనిషి మంచంమీద లేచి కూర్చోవడానికే ఒప్పుకోలేదు.

ఆ రాత్రి భోజనాలు ఎవరికీ సయించలేదు. బాబాయి తల దించుకుని కూర్చున్నాడు. కాసేపటికి తల ఎత్తి, తప్పు చేసిన పిల్లాడిలా అన్నాడు.

"నువ్వే కదా రాశావు."

పిన్ని మొహంలో రంగు మారింది. లేచి లోపలికి వెళ్ళింది. అలిగి పడుకుందేమో అనుకున్నాను. పుస్తకం పట్టుకొచ్చింది. వెనక పేజీ తెరిచి, ఆయన ముందు పెట్టి, షాపులో ఉండే భూతద్దం ఒకటి ఇంట్లోనూ ఉంటే అదీ తెచ్చి చేతిలో పెట్టింది. బాబాయి వేలు పెట్టుకుని మెల్లగా చదివాడు.

"మరి నేను విన్నదాంట్లో ఇది లేదేం?"

"ఉంది. కోసేశారు. నీకు భోజనాల దగ్గర చెప్పాను. నువ్వూ కోసేశావు."

మర్నాడు పిన్ని మేనేజరు గదికి వెళ్ళి, ఇంట్లో జరిగింది చెప్పింది. అతను నిజంగానే నొచ్చుకున్నాడు. "పెద్దావిడకి ఎలా ఉంది? సెలవు కావాలా?" అని అడిగాడు. ఆ పేరా కలపమంటే మాత్రం, "అందరి ఇళ్ళల్లోనూ అలా చెయ్యరు కదా మేడమ్" అన్నాడు. "చేసినవాళ్ళు నీకొచ్చి చెబుతారా?" అని అడిగింది పిన్ని. అతను సెలవు చీటీ ఆమె ముందుకు జరిపాడు. పేరా మాత్రం కలపలేదు. ఉద్యోగం మానేస్తానని మా ఇంట్లో కూర్చుని పదిసార్లు అంది. మానేస్తే ఆ పుస్తకాలన్నీ అట్ట వెనక పొగడ్తలు చదివి రాసే పిల్లల చేతికి పోతాయి. అది తలుచుకుని పదిసార్లూ ఊరుకుంది.

ఈలోగా ఆ పుస్తకం రాసినాయన ఊరికి వస్తున్నాడని తెలిసింది. కంపెనీవాళ్ళు పెద్ద హాలు మాట్లాడారు. వేదికమీద ఆయనతో ఎవరు మాట్లాడాలన్నది సమస్యైంది. పుస్తకం మొత్తం చదివిన మనిషి ఆఫీసు మొత్తం వెతికినా పిన్ని తప్ప ఇంకొకరు దొరకలేదు. మేనేజరు ఆమె బల్ల దగ్గరికి వచ్చి బతిమాలాడు.

"మీరే మాట్లాడాలి మేడమ్. ఒక్క చిన్న మాట. ఆ వెనక పేజీల జోలికి మాత్రం పోకండి."

"చూద్దాం" అంది పిన్ని.

పక్కింటావిడను బామ్మగారి దగ్గర ఉంచి మేం ముగ్గురం వెళ్ళాం. ఇంత జరిగినా బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, ఆయన్ని దగ్గరగా చూడొచ్చని. రచయిత నెమ్మదైన మనిషి. నడుం నొప్పట. కారులోంచి దిగడానికి డ్రైవరు చెయ్యి పట్టుకున్నాడు, వేదిక మెట్లెక్కడానికి మేనేజరు చెయ్యి పట్టుకున్నాడు. పిన్ని అది చూసి నావైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను, నవ్వొస్తుందని.

ఆమె ముందు మర్యాదగానే మొదలుపెట్టింది. ఈత నేర్పే ఆయన అధ్యాయం గురించి అడిగింది. అందులో తనకు నచ్చిందేమిటో చెప్పింది. ఆయన సంతోషంగా మాట్లాడాడు. తర్వాత ఒళ్ళోని పుస్తకం చివరి పేజీలు తెరిచింది. మొదటి వరసలో మేనేజరు మొహం పాలిపోయింది.

"అయిదో అధ్యాయంలో మీరు చెప్పిన రోగుల గురించి వెనక ఒక వివరణ ఉంది" అని దాన్ని గట్టిగా చదివి వినిపించింది.

రచయిత ముందుకు వంగాడు. ఆయన కోప్పడతాడని హాలంతా అనుకుని ఉంటుంది. ఆయన మొహం వెలిగిపోయింది.

"మీరు అది చదివారా? నిజంగా? ఆ పేజీ చదివిన మనిషిని నేను ఇప్పుడే చూస్తున్నాను! నా దగ్గర పరిశోధనకు పనిచేసిన అమ్మాయి పట్టుబట్టి రాయించింది దాన్ని. మొదట అధ్యాయంలోనే ఉండేది. కథ వేగం తగ్గుతోందని ప్రచురణవాళ్ళు వెనక్కి నెట్టారు."

"మరి మీ ప్రసంగాల్లో కూడా చెప్పరేం?"

ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. "దాచడమెందుకు, పుస్తకం రాసి చాలా కాలమైంది. ఈమధ్య ప్రసంగానికి ముందు మీ కంపెనీవాళ్ళ సారాంశమే వినొస్తున్నాను. నా పుస్తకం కన్నా అదే తేలిగ్గా ఉంది. అందులో ఈ సంగతి లేదు, నేనూ మరిచిపోయాను."

హాల్లో నవ్వులు. పిన్ని మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియనట్టు ఆయన్ని చూస్తూ ఉండిపోయింది. ప్రచురణవాళ్ళు వెనక్కి నెట్టారు, మేనేజరు కోసేశాడు, రాసినాయన మరిచిపోయాడు. ఇంక ఎవరిమీద విసుక్కోవాలి?

"మా ఇంట్లో ఒక పెద్దావిడ ఉంది. తుంటి విరిగింది. ఆవిడ చెయ్యి వదలమంటారా, పట్టుకోమంటారా?" అని అడిగింది చివరికి.

"అయ్యయ్యో, పట్టుకోండమ్మా! ఆ వయసులో వదులుతారా ఎవరైనా? ఎవరు చెప్పారు వదలమని?"

"మీరే" అంది పిన్ని.

నవ్వులు ఆగిపోయాయి. రచయిత పిన్ని ఒళ్ళోని పుస్తకం వైపు చూశాడు. తర్వాత, "ఆవిడకు నా తరఫున క్షమించమని చెప్పండి" అన్నాడు. ఆ మాటలో నటన లేదు. తర్వాత మిగతా ప్రశ్నలు జరిగాయి గానీ అవేమిటో నాకు గుర్తులేదు.

బస్సులో ఇంటికి వస్తున్నాం. పిన్ని కిటికీ పక్కన అలిసిపోయి కూర్చుంది. బాబాయి ఆమె వైపు తిరిగి, ఎంతో ఆనందంగా అన్నాడు.

"చూశావా, ఎంత స్పష్టంగా చెప్పాడో! పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకోవాల్సిందేనట."

పిన్ని నెమ్మదిగా తల తిప్పింది.

"ఇన్నాళ్ళుగా నేను చెబుతున్నదేమిటి?"

"నువ్వూ చెప్పావు, కాదనడం లేదు. కానీ ఆయన రాసినవాడు కదా."

పిన్ని లేచి, మా స్టాపు ఇంకా రెండు స్టాపుల దూరం ఉండగానే దిగిపోయింది. బస్సు కదిలాక కిటికీలోంచి చూస్తే, కొంగు బిగించి పేవ్‌మెంటు మీద విసవిసా నడుస్తోంది. "ఏమైంది దీనికి?" అని నన్ను అడిగాడు బాబాయి. నేను చెప్పలేదు. చెబితే ఏ పుస్తకంలో ఉందని అడిగేవాడు.

వాకర్ అటకమీంచి దిగింది. బాబాయి పశ్చాత్తాపంతో రోజూ వాళ్ళమ్మ మంచం పక్కన నిలబడి చెయ్యి చాపేవాడు. ఆవిడ చూసేది కూడా కాదు. "నీ చెయ్యి వద్దు, దాన్ని పిలువు" అనేది. పిన్ని ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడవకముందే పిలుపొచ్చేది. మొదట్లో మంచం అంచున కూర్చోవడం, దిగి నిలబడటం, మళ్ళీ కూలబడటం. అత్తాకోడళ్ళిద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ హాల్లోకి చేరడానికి చాలా రోజులు పట్టింది. "నెమ్మదిగా నడవండి, ఏం కొంపలు మునిగాయి?" అని ఈవిడ, "గోళ్ళు గుచ్చుకుంటున్నాయి, తీసుకోవచ్చుగా" అని ఆవిడ. కొడుకు చెయ్యి పట్టుకోవడానికి బామ్మగారికి ఇంకా చాలా కాలం పట్టింది. పట్టుకున్నాక కూడా రెండో చేత్తో గోడ వదిలేది కాదు.

ఆ రోజు హాల్లో ఎవరో ఫోనులో తీసిన వీడియో ముక్క బయటికి పోయింది. "మీరే" అని పిన్ని అన్న ముక్క. అది చూసినవాళ్ళు, మిగతా పుస్తకాల వెనక పేజీల్లో ఏముందో చెప్పమని కంపెనీకి రాయడం మొదలుపెట్టారు. నిజం మీద కోరికో, తగాదా మీద కోరికో తెలియదు గానీ చాలామందే రాశారు. మేనేజరు వచ్చి, "మేడమ్, ఇకనుంచి ఆ పేరా ఉంచుతున్నాం. ఒక్క నిమిషం మీది" అన్నాడు. పిన్ని నమ్మలేదు. నమ్మకపోవడమే మంచిదైంది. ఆ పేరాతో మొదటి సారాంశం వచ్చినప్పుడు మా ఇంట్లోనే కూర్చుని విన్నాం. పద్నాలుగు నిమిషాలు తేనెలా సాగిన ఆ అమ్మాయి గొంతు, పిన్ని పేరా దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా రైలెక్కింది. మందుల ప్రకటన చివర హెచ్చరికలు చదువుతారే, అలా, ఊపిరి కూడా పీల్చకుండా గడగడా వాగేసి ముగించింది.

పిన్ని టీకప్పు ఠపీమని బల్లమీద పెట్టింది. "కొయ్యకుండా కోశారే!" అంది.

మర్నాడు తిన్నగా రికార్డింగు గదికి వెళ్ళింది. మెత్తటి గోడలున్న ఇరుకు గది. చక్కని గొంతున్న ఆ అమ్మాయి కంగారుపడి లేచి, "మేనేజరు గారే ఆంటీ, గబగబా చదవమన్నారు" అంది. "తెలుసులే తల్లీ. నువ్వు కూర్చో, ఇది నేను చదువుతాను" అని పిన్ని మైకు ముందుకు జరిగింది. అద్దానికి అవతల సౌండు చూసే కుర్రవాడు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆమె చదివిన మొదటి వాక్యం విన్నాడు.

"అమ్మా, కొంచెం నవ్వుతూ చదవండి. నవ్వుతూ చదివితే వినేవాళ్ళకు నమ్మకం కలుగుతుంది."

"ఎవరు చెప్పారు నీకా సంగతి?"

అతను బుర్ర గోక్కున్నాడు. "మీరు రాసిందాంట్లోనే విన్నానమ్మా. మొన్నటి పుస్తకం."

పిన్ని కళ్ళు మూసుకుని, తెరిచి, కాగితం సర్దుకుంది. నవ్వకుండానే చదివింది. పొయ్యి కట్టేశావా, తలుపు గడియ పెట్టావా అని అడిగే మామూలు గొంతుతో. ఇప్పటికీ ప్రతి సారాంశం చివర ఆ నిమిషం ఆవిడదే. సగంమంది అక్కడిదాకా రాకుండానే ఆపేస్తారని మేనేజరు లెక్కలు చూపిస్తాడు. మిగతా సగం వింటున్నారుగా అంటుంది పిన్ని.

వినేవాళ్ళలో బాబాయి మొదటివాడు. ఇప్పుడాయన వరస తిరగబడింది. ముందు ఆ చివరి నిమిషమే వింటాడు, విని చాలాసార్లు మిగతా పుస్తకం వినడమే మానేస్తాడు. పైగా ప్రతిదానికీ రుజువు అడగడం పట్టుకున్నాడు. వాన వచ్చేలా ఉంది గొడుగు తీసుకెళ్ళమంటే, మబ్బు పట్టి కురవని రోజులెన్నో లెక్క చూశారా అంటాడు. షాపులో ఎవరైనా చూపు మందగించిందంటే, దేనితో పోల్చి అంటున్నారని అడుగుతాడట. పిన్నికి ఇదో కొత్త తలనొప్పి.

మొన్న నేను వాళ్ళింట్లో భోజనానికి ఉన్నాను. కూరలో ఉప్పు తక్కువైందని పిన్ని అంది. బాబాయి ముద్ద నోట్లో పెట్టుకోకుండానే చెయ్యి ఆపి, "ఎంతమందిని అడిగి అంటున్నావు ఆ మాట?" అన్నాడు. పిన్ని నావైపు చూసింది. చూడవే, దీనికేం చెయ్యమంటావు అన్నట్టుంది ఆ చూపు.

బల్ల అటు చివర కూర్చున్న బామ్మగారు, "నోట్లో పెట్టుకుని చూడరా" అని తన కంచంలోకి తను ఉప్పు వేసుకుంది.